కంప్యూటరు మొరాయించినపుడు: ముందు సరుకు, తరువాత యంత్రం

ఇంటి కంప్యూటరులో రెండు వస్తువులున్నాయి. మొదటిది యంత్రం, అంటే పెట్టె, తెర, కీబోర్డు, వీటన్నిటినీ నడిపించే విండోస్. రెండవది సరుకు, అంటే మనం దానిలో దాచుకున్న రాతలు, ఫొటోలు, పాటలు, లెక్కలు. యంత్రం చెడితే బాగుచేయించవచ్చు, లేదా మరొకటి కొనవచ్చు. విండోస్ పాడైతే ఒక పూటలో మళ్ళీ ఎక్కించవచ్చు. సరుకు పోతే మాత్రం ఏ అంగడిలోనూ దొరకదు.

ఈ భేదం అందరూ తెలుసుకోదగినదే అయినా, సరిహద్దు గ్రామాల కుటుంబాలకు మరింత అవసరం. బాగేపల్లిలోనైనా, హోసూరులోనైనా, పర్లాకిమిడిలోనైనా, సిరోంచలోనైనా ప్రభుత్వ కాగితాలు ఆయా రాష్ట్రాల భాషలో ఉంటాయి. వాటిని పోగొట్టుకుంటే కార్యాలయానికి వెళ్ళి నకలు తెచ్చుకోవచ్చు. కాని తాతగారు రాసిన వంశవృక్షానికి, నాయనమ్మ పాడిన పెళ్ళిపాటలకు, ఊరి తెలుగు సంఘం వార్షిక సంచికకు నకలు ఇచ్చే కార్యాలయం ఎక్కడా లేదు. చాలా ఇళ్ళలో అవి మూలగదిలోని పాత డెస్క్‌టాప్ కంప్యూటరులో ఒకే ఒక్క ప్రతిగా ఉన్నాయి.

నాకు తెలిసిన ఒక పెద్దాయన ఆరేడేళ్ళు శ్రమించి తమ ఊరి కోలాటపు పాటలను టైపు చేసి పెట్టుకున్నారు. యంత్రం మెల్లగా నడుస్తున్నదని మనుమడు దానిని పట్టణంలో మరమ్మతుకు ఇచ్చాడు. మూడవ నాటికి యంత్రం చురుకుగా తిరిగి వచ్చింది, పాటలు రాలేదు. హార్డ్‌డిస్కును ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ ఎక్కించారు. లోపల ఏమైనా ఉన్నదా అని వారు అడగలేదు, ఉన్నదని వీరు చెప్పలేదు. నన్ను పిలిచేనాటికి ఆ డిస్కులో నాలుగు సినిమాలు కూడా చేరాయి. రెండు రాత్రులు వెతికితే కొన్ని పాటలు మాత్రమే దొరికాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

అటువంటి నష్టం మరొక ఇంట జరగకూడదని, తరచుగా ఎదురయ్యే ఇబ్బందులను లక్షణాలవారీగా ఇక్కడ వివరిస్తున్నాను.

ఏ ఇబ్బందికైనా ముందు పాటించవలసిన మూడు నియమాలు

1. ఆపండి. ఏదో ఒకటి నొక్కి చూద్దామనే తొందరపాటు వలన అసలు జబ్బు కంటే ఎక్కువ నష్టం జరుగుతుంది. హార్డ్‌డిస్కు నుండి టిక్కుటిక్కుమని శబ్దం వస్తుంటే వెంటనే కరెంటు తీసివేయండి. అది లోపలి భాగాలు దెబ్బతింటున్నాయని గుర్తు. అటువంటి డిస్కును పదే పదే నడిపితే మిగిలినది కూడా పోతుంది.

2. రాసుకోండి. తెరపై వచ్చిన సందేశాన్ని ఫోనుతో ఫొటో తీయండి. అంతకు ముందు ఏమి చేశారు, ఏ ప్రోగ్రాము ఎక్కించారు, ఎవరి పెన్‌డ్రైవు పెట్టారు అన్నది కాగితంపై రాయండి. వైద్యునికి రోగచరిత్ర ఎంత ముఖ్యమో మరమ్మతుకు ఇది అంత ముఖ్యం.

3. సరుకును బయటికి తీయండి. విండోస్ తెరుచుకుంటే ముఖ్యమైన ఫోల్డర్లను వేరొక డిస్కులోకి ఎక్కించిన తరువాతనే మరమ్మతు మొదలుపెట్టండి. విండోస్ తెరుచుకోకపోయినా సరుకు పోయినట్లు కాదు. హార్డ్‌డిస్కును విప్పి, యూఎస్‌బీ కేబులు ద్వారా మరొక కంప్యూటరుకు తగిలిస్తే ఫైళ్ళు చాలావరకు కనిపిస్తాయి. ఉబుంటు వంటి లినక్స్‌ను పెన్‌డ్రైవు నుండి నడిపి కూడా ఫైళ్ళను తీయవచ్చు. దుకాణానికి ఇచ్చేటపుడు "నన్ను అడగకుండా ఫార్మాట్ చేయవద్దు" అని చీటీ రాసి పెట్టెకు అంటించండి.

తెలుగు అక్షరాలు చెదిరి కనిపిస్తే

మన ఇళ్ళలో ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇదే. పాత ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు వేరేదో కనిపిస్తుంది. కనిపించే తీరును బట్టి సరుకు ఉన్నదో పోయినదో చెప్పవచ్చు.

అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వరుసగా కనిపిస్తే, అది అను, శ్రీలిపి వంటి పాత ఫాంట్లతో టైపు చేసిన రాత. ఆ రోజులలో ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను అమర్చేవారు. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో తెలుగు కనిపిస్తుంది, లేని యంత్రంలో ఇంగ్లీషు కనిపిస్తుంది. రాత చెడలేదు, కళ్ళజోడు మాత్రమే లేదు. ఏ ఫాంటుతో టైపు చేశారో తెలుసుకుని దానిని ఎక్కించండి. తెలుగు కనిపించగానే ఒక పీడీఎఫ్ ప్రతి తీసి దాచండి. పీడీఎఫ్‌లో ఫాంటు కూడా ఇమిడి ఉంటుంది కాబట్టి మరే యంత్రంలోనైనా చదువుకోవచ్చు. ఆ తరువాత పాత ఫాంటును యూనికోడ్‌కు మార్చే కన్వర్టరు సాయంతో మార్చుకోండి. మార్చిన ప్రతిని తప్పక చదివి సరిచూడండి, ఒత్తులు, గుడులు తారుమారు కావడం సాధారణం. మూలప్రతిని మాత్రం ఎన్నడూ తుడిచివేయవద్దు.

ఖాళీ డబ్బాలు వరుసగా కనిపిస్తే, రాత యూనికోడ్‌లోనే ఉన్నది, చూపించే తెలుగు ఫాంటు మాత్రం లేదు. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి, విండోస్ 8తో 2012లో నిర్మలా యూఐ అనే ఫాంట్లు వచ్చాయి. పోతన 2000, వేమన 2000 వంటి ఉచిత ఫాంట్లు కూడా ఉన్నాయి. వీటిలో ఒకటి ఎక్కిస్తే చాలు. అక్షరాలు కనిపిస్తూ ఒత్తులు విడిపోయి పక్కకు పడితే, అది ఎక్కువగా పాత ఎక్స్‌పీలో భారతీయ భాషల సదుపాయం ఎక్కించకపోవడం వలన వచ్చినది.

నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు 'ఏ' అక్షరమూ, డిగ్రీ గుర్తు వంటి చిన్న సున్నా మాటిమాటికీ కనిపిస్తే, యూనికోడ్ రాతను ప్రోగ్రాము తప్పు పద్ధతిలో చదువుతున్నదని అర్థం. ఏమీ మార్చకుండా, సేవ్ చేయకుండా మూసివేయండి. మళ్ళీ తెరిచేటపుడు 'ఎన్‌కోడింగ్' అన్నచోట 'యూటీఎఫ్-8' ఎంచుకోండి.

వరుసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే సరుకు నిజంగా పోయిందని అనుమానించాలి. పాత నోట్‌ప్యాడ్‌లో తెలుగు టైపు చేసి 'ఆన్సీ' పద్ధతిలో దాచితే, ప్రతి అక్షరం ప్రశ్నార్థకంగా మారి అలాగే నిలిచిపోతుంది. దానిని వెనక్కి తెచ్చే మార్గం లేదు. పాత ప్రతి ఎక్కడైనా ఉన్నదేమో వెతకాలి. 2019లో వచ్చిన విండోస్ 10 సవరణ నుండి నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8లోనే దాచుతున్నది.

ఇరుగుపొరుగు భాషలకూ ఈ సూత్రాలే వర్తిస్తాయి. కన్నడంలో నుడి, ఒడియాలో ఆకృతి, తమిళంలో టామ్, టాబ్, మరాఠీలో శ్రీలిపి, సురేఖ్ వంటి పాత పద్ధతులున్నాయి. రెండు భాషలు కలిసిన కాగితాలు మన ఇళ్ళలో సాధారణం కాబట్టి, ఏ పేరా ఏ ఫాంటులో ఉన్నదో మొదట గుర్తించి, దానికి తగిన కన్వర్టరునే వాడండి. పేజ్‌మేకర్‌లో కూర్చిన సంచికలున్నవారు త్వరపడాలి. ఆ ప్రోగ్రాము చివరి రూపమైన 7.0 వెలువడినది 2001లో. దానిని నడిపే యంత్రాలు తరిగిపోకముందే ఆ సంచికలను పీడీఎఫ్‌గా మార్చుకోవడం మంచిది.

పెన్‌డ్రైవులో ఫోల్డర్లు షార్ట్‌కట్లుగా మారితే

ఫొటో దుకాణానికో, జిరాక్సు అంగడికో పెన్‌డ్రైవు వెళ్ళి వచ్చాక ఫోల్డర్లన్నీ చిన్న బాణం గుర్తుతో కనిపిస్తాయి. ఒక్కొక్కటి ఒకటి రెండు కిలోబైట్లు మాత్రమే ఉంటుంది. ఇది వైరసు పని. అసలు ఫోల్డర్లను అది చెరిపివేయలేదు. కనపడకుండా దాచి, వాటి పేర్లతో నకిలీ తలుపులు పెట్టింది. ఆ తలుపు మీద నొక్కితే వైరసు మీ యంత్రంలోకి వస్తుంది.

కాబట్టి బాణం గుర్తున్న దేనినీ తెరవవద్దు, భయపడి పెన్‌డ్రైవును ఫార్మాట్ చేయవద్దు. మొదట యంత్రాన్ని యాంటీవైరస్‌తో పూర్తిగా పరీక్షించండి, తరువాత పెన్‌డ్రైవును పరీక్షించండి. ఆపైన 'ఫోల్డర్ ఆప్షన్స్'లో 'వ్యూ' అన్న పుటకు వెళ్ళి, దాగిన ఫైళ్ళను చూపించే అంశాన్ని ఎంచుకోండి. సిస్టమ్ ఫైళ్ళను దాచే అంశానికి ఉన్న టిక్కును తీసివేయండి. అసలు ఫోల్డర్లు మసకగా కనిపిస్తాయి. కొన్నిసార్లు పేరు లేని ఒక ఫోల్డరులో అన్నీ కలిసి ఉంటాయి. కంప్యూటరులో కొత్త ఫోల్డరు తెరిచి, మీ రాతలు, ఫొటోలు మాత్రమే దానిలోకి తెచ్చుకోండి. మీరు పెట్టని ఫైలు ఏదీ తేవద్దు. అన్నీ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాక పెన్‌డ్రైవును ఫార్మాట్ చేయవచ్చు.

అదే చోట ఫైలు పేరు చివరి భాగాన్ని దాచే అంశానికీ టిక్కు తీసివేయడం మంచిది. 2000 మే నెలలో లోకమంతా పాకిన 'ఐ లవ్ యూ' వైరసు ఆ సదుపాయాన్నే ఆసరాగా చేసుకున్నది. అది మామూలు ప్రేమలేఖ వంటి రాత ఫైలుగా కనిపించేది. అసలు తోక దాగి ఉండటం చేత అది ప్రోగ్రాము అని ఎవరూ గ్రహించలేదు. నేటికీ శుభలేఖ, బిల్లు, ఫలితాల జాబితా అనే పేర్లతో వచ్చే మోసపు ఫైళ్ళు ఈ ఎత్తునే వాడుతున్నాయి.

పొరపాటున చెరిపివేస్తే

మొదట రీసైకిల్ బిన్ చూడండి. అక్కడ లేకపోతే ఆ యంత్రంపై మరే పనీ చేయవద్దు. చెరిపివేయడమంటే డిస్కు మీద రాత పోవడం కాదు. ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టడమే. ఆ చోట మరొకటి రాసేంతవరకు పాత రాత మిగిలి ఉంటుంది. అందుచేత ఫైళ్ళు వెతికే ప్రోగ్రామును సైతం అదే డిస్కులోకి దించుకోకూడదు. రెకువా, ఫొటోరెక్ అనేవి ఉచితంగా దొరుకుతాయి. వాటిని వేరే యంత్రంలో దించి, పెన్‌డ్రైవు నుండి నడపండి. దొరికిన ఫైళ్ళను కూడా వేరే డిస్కులోనే దాచండి.

ఒక హెచ్చరిక. ఈ పద్ధతి పాత తరహా హార్డ్‌డిస్కుకు, కెమెరా కార్డుకు పనికివస్తుంది. కొత్త యంత్రాలలోని ఎస్ఎస్‌డీలో చెరిపిన చోటును విండోస్ కొద్దిసేపటికే ఖాళీ చేయించడం వలన, చెరిపినది దొరికే అవకాశం చాలా తక్కువ.

'అనుమతి లేదు' అని వస్తే

రక్షణ కోసం పెట్టిన తాళమే కొన్నిసార్లు యజమానిని అడ్డుకుంటుంది. అటువంటివి నాలుగు.

మొదటిది, ఈమెయిల్‌లో వచ్చిన వర్డ్ ఫైలు పసుపు పట్టీతో తెరుచుకుని, దిద్దడానికి వీలు కాకపోవడం. ఇది ఆఫీస్ 2010 నుండి ఉన్న రక్షణ. పంపినవారు తెలిసినవారై, ఫైలు మీరు ఎదురుచూసినదే అయితేనే దిద్దడానికి అనుమతి ఇవ్వండి.

రెండవది, డాక్యుమెంట్స్ ఫోల్డరులో ఏమీ సేవ్ కాకపోవడం. విండోస్ 10కు 2017 అక్టోబరులో వచ్చిన సవరణతో, తెలియని ప్రోగ్రాములు ముఖ్య ఫోల్డర్లను తాకకుండా ఆపే సదుపాయం చేరింది. దానిని ఆన్ చేసిన యంత్రంలో మీ తెలుగు టైపింగు ప్రోగ్రామును కూడా అది ఆపవచ్చు. 'విండోస్ సెక్యూరిటీ'లో రాన్సమ్‌వేర్ రక్షణ అన్నచోట ఆ ప్రోగ్రాముకు మాత్రం అనుమతి ఇస్తే చాలు. రక్షణ మొత్తాన్ని తీసివేయనవసరం లేదు.

మూడవది, పాత హార్డ్‌డిస్కును కొత్త యంత్రానికి తగిలించినపుడు ఫోల్డరు తెరుచుకోకపోవడం. పాత యంత్రంలోని వాడుకరి పేరుకే ఆ ఫోల్డరు యాజమాన్యం ఉండటం దీనికి కారణం. 'ప్రాపర్టీస్'లో 'సెక్యూరిటీ', తరువాత 'అడ్వాన్స్‌డ్' తెరిచి, యజమాని పేరును మీ పేరుకు మార్చుకుంటే ఫోల్డరు తెరుచుకుంటుంది. కాని ఆ ఫైళ్ళను విండోస్ స్వయంగా గూఢలిపిలో దాచి ఉంటే, యజమాని పేరు మార్చినా తెరుచుకోవు. పాత విండోస్‌లోని తాళంచెవి కావాలి. పాత యంత్రాలలో ఫైళ్ళ పేర్లు పచ్చరంగులో ఉంటే అది ఈ గూఢలిపికి గుర్తు. అటువంటివి ఉన్న యంత్రంలో ఆ తాళంచెవిని బయట దాచకుండా విండోస్ మళ్ళీ ఎక్కించరాదు.

నాలుగవది, యంత్రం తెరవగానే బిట్‌లాకర్ 48 అంకెల సంఖ్య అడగడం. విండోస్ 11కు 2024లో వచ్చిన సవరణ తరువాత, మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా ఏర్పాటు చేసిన చాలా యంత్రాలలో డిస్కుకు ఈ తాళం తనంతట తానే పడుతున్నది. ఆ సంఖ్య మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. దుకాణంవారు తమ ఈమెయిల్‌తో యంత్రాన్ని ఏర్పాటు చేసి ఉంటే ఆ సంఖ్య వారి ఖాతాలో ఉంటుంది. ఆ సంఖ్య దొరకకపోతే సరుకు దక్కదు. కాబట్టి కొత్త యంత్రం ఇంటికి రాగానే మీ ఖాతాతోనే ఏర్పాటు చేయించి, ఆ 48 అంకెలను కాగితంపై రాసి పట్టా కాగితాలతో కలిపి బీరువాలో పెట్టండి.

గడియారం వెనక్కి పోతే

కంప్యూటరు తెరిచినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంటే, బ్యాంకు, పరీక్షా ఫలితాల వెబ్‌సైట్లు 'సురక్షితం కాదు' అంటూ తెరుచుకోవు. యాంటీవైరస్ కూడా గడువు విషయంలో తికమకపడుతుంది. చాలామంది దీనిని వైరసు అనుకుని విండోస్ మార్పిస్తారు. అసలు కారణం మదర్‌బోర్డు మీద ఉన్న సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ అయిపోవడం. కరెంటు పూర్తిగా తీసివేసి, దానిని మార్చి, తేదీ సరిచేస్తే సరిపోతుంది. పాత బిళ్ళను పిల్లలకు అందకుండా పారవేయండి, మింగితే ప్రాణాపాయం.

సిస్టమ్ ప్రొటెక్షన్: ఏది కాపాడుతుంది, ఏది కాపాడదు

విండోస్‌లో 'సిస్టమ్ ప్రొటెక్షన్' అనే పుట ఉన్నది. దాని ద్వారా జరిగే 'సిస్టమ్ రిస్టోర్' 2000లో వచ్చిన విండోస్ మీతో మొదలైంది. యంత్రం బాగున్న రోజున విండోస్ స్థితిని గుర్తుపెట్టుకుని, చెడినపుడు ఆ స్థితికి తీసుకుపోవడం దాని పని. కొత్త ప్రింటరు డ్రైవరు ఎక్కించాక యంత్రం మొరాయిస్తే, ఒక సవరణ తరువాత తెర నల్లబడితే ఇది బాగా ఉపకరిస్తుంది.

పేరులో రక్షణ ఉన్నది కదా అని దీనిని సరుకు రక్షణగా భావించడం పెద్ద పొరపాటు. చెరిపిన ఫొటోను, పాడైన ఉత్తరాన్ని ఇది వెనక్కి తేదు. ఇంటి కప్పు బాగుచేసే మేస్త్రి గాదెలోని ధాన్యానికి పూచీ కాడు కదా! ఫైళ్ళ పాత రూపాలు కావాలంటే విండోస్ 8 నుండి ఉన్న 'ఫైల్ హిస్టరీ'ని వేరే డిస్కు తగిలించి ఏర్పాటు చేసుకోవాలి.

విండోస్ 10, 11 ఉన్న అనేక యంత్రాలలో ఈ సదుపాయం మొదట ఆపివేసి ఉంటుంది. స్టార్టులో 'క్రియేట్ ఏ రిస్టోర్ పాయింట్' అని వెతికి, సి డ్రైవును ఎంచుకుని ఆన్ చేయండి. డిస్కులో 5 శాతం చోటు ఇస్తే సాధారణంగా సరిపోతుంది. వెనక్కి వెళ్ళే పని మధ్యలో ఆగిపోతుంటే, యాంటీవైరస్ అడ్డుపడుతూ ఉండవచ్చు. 'సేఫ్ మోడ్'లో ప్రయత్నించండి. ఎక్స్‌పీ, విండోస్ 7లలో యంత్రం మొదలయ్యేటపుడు ఎఫ్8 నొక్కితే, 10, 11లలో షిఫ్టు పట్టుకుని రీస్టార్ట్ చేస్తే దాని దారి కనిపిస్తుంది. పనిమధ్యలో కరెంటు పోకుండా యూపీఎస్ ఉండటం అవసరం.

ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగితే

దీనిని రాన్సమ్‌వేర్ అంటారు. ఫైళ్ళన్నిటినీ గూఢలిపిగా మార్చి, తాళంచెవికి సొమ్ము అడుగుతుంది. 2017 మే 12న మొదలైన వన్నాక్రై 150కి పైగా దేశాలలో పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని వాత పడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ అదే ఏడు మార్చి 14ననే ఇచ్చింది. దానిని వేసుకున్న యంత్రాలకు ఆ కంత గుండా ముప్పు రాలేదు.

ఇళ్ళలోకి ఇది వచ్చే దారి సాధారణంగా దొంగ ప్రోగ్రాములే. డబ్బు పెట్టి కొనవలసిన సాఫ్ట్‌వేరును, యాంటీవైరస్‌ను సైతం 'క్రాక్' రూపంలో దించుకుంటాం. దానిని నడపాలంటే ఉన్న రక్షణను ఆపమంటుంది, మనమే ఆపుతాం. కంచే చేను మేయడమంటే ఇదే. స్టాప్ లేదా డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్ ఇలాగే వ్యాపించింది. 2019 అక్టోబరులో దాని పాత రకాలకు ఉచిత తాళంచెవి వెలువడింది. తరువాతి రకాలలో చాలావాటికి దొరకడం కష్టం.

ఇది సోకితే వెంటనే ఇంటర్నెట్టు తీగను, తగిలించిన ఇతర డిస్కులను తీసివేయండి. సొమ్ము కట్టవద్దు, కట్టినా తాళంచెవి వస్తుందన్న నమ్మకం లేదు. తాళం పడిన ఫైళ్ళను, బెదిరింపు చీటీని అలాగే వేరే డిస్కులో దాచండి. 2016 జులైలో నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్ మొదలైనవారు ప్రారంభించిన 'నో మోర్ రాన్సమ్' వెబ్‌సైటులో ఉచిత తాళంచెవులు ఉంటాయి. ఇవాళ లేని తాళంచెవి కొన్నాళ్ళకు రావచ్చు.

తెరపై ఫోను నంబరుతో హెచ్చరిక వస్తే

ఏదో వెబ్‌సైటు చూస్తుండగా తెరంతా ఎర్రబడి, పెద్ద శబ్దంతో "మీ కంప్యూటరు ఆపివేయబడింది, ఈ నంబరుకు ఫోను చేయండి" అని వస్తుంది. ఇది వట్టి వెబ్ పుట, మోసం. మైక్రోసాఫ్ట్ హెచ్చరికలలో ఫోను నంబరు ఉండదు. ఫోను చేస్తే యంత్రాన్ని దూరం నుండి తమ చేతిలోకి తీసుకుని బ్యాంకు వివరాలు కాజేస్తారు. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలు కలిపి నొక్కి, వచ్చిన జాబితాలో బ్రౌజరును ముగించండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. ఈ నంబరు దేశమంతటికీ ఒక్కటే. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా పనిచేస్తుంది.

పాత విండోస్ వాడుతున్నవారికి

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 10లో నమోదు చేసుకున్న ఇంటి వాడుకరులకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు ఇచ్చే ఏర్పాటు చేశారు. మద్దతు ముగిసిన యంత్రం పనిచేయడం మానదు. దానిలో కొత్తగా బయటపడే కంతలను పూడ్చేవారు మాత్రం ఉండరు. అటువంటి యంత్రంలో బ్యాంకు పనులు చేయకండి. పాత ఫాంట్ల కోసమే దానిని ఉంచుకోదలిస్తే ఇంటర్నెట్టు తీసివేసి, టైపు మిషనులా వాడుకోండి. పాత యంత్రం విండోస్ 11కు తట్టుకోకపోతే ఉచిత లినక్స్ ఎక్కించవచ్చు. యూనికోడ్ తెలుగు దానిలో చక్కగా నడుస్తుంది.

విత్తనం దాచినట్లు

రైతు తిండిగింజలన్నీ ఒక్క గాదెలో పోసినా, విత్తనపు గింజలను వేరుగా దాచుతాడు. మన సరుకుకూ అదే పద్ధతి. ముఖ్యమైన ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాలపై ఉండాలి. వాటిలో ఒకటి వేరే ఊరిలో ఉండాలి. ఒకటి కంప్యూటరులో, ఒకటి బయటి హార్డ్‌డిస్కులో, ఒకటి పట్టణంలోని కూతురి ఇంట్లోనో ఇంటర్నెట్టు ఖాతాలోనో ఉంచండి. బయటి డిస్కును పని అయ్యాక విప్పివేయండి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. పాత సీడీలలో ఉన్నవాటిని ఇప్పుడే బయటికి తీయండి. వాటి పూత కాలక్రమాన చెడుతుంది.

ఇంటర్నెట్టు ఖాతాను నమ్ముకున్నవారు ఒక సంగతి గమనించాలి. వరుసగా 2 ఏళ్ళు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే నిబంధనను గూగుల్ 2023లో ప్రకటించింది. కాలం చేసిన పెద్దల ఖాతాలోని ఫొటోలు ఇలా పోవచ్చు. వాట్సాప్‌లో పాత ఫొటోలు పంపుకునేవారు 'డాక్యుమెంట్'గా పంపితే స్పష్టత తగ్గదు.

ఏడాదికి రెండుసార్లు, ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి, దాచిన ప్రతులను తెరిచి చూడండి. తెరిచి చూడని ప్రతి ఉన్నదో లేదో చెప్పలేము.

ఒక్క చూపులో

అక్షరాలు చెదిరితే: సేవ్ చేయకండి, ఫాంటు చూడండి.
ఫోల్డర్లు షార్ట్‌కట్లయితే: తెరవకండి, ఫార్మాట్ చేయకండి.
ఫైలు చెరిపితే: ఆ యంత్రంపై పని ఆపండి.
డిస్కు శబ్దం చేస్తే: కరెంటు తీయండి.
తేదీ తప్పితే: బిళ్ళ బ్యాటరీ మార్చండి.
ఫైళ్ళకు తాళం పడితే: తీగలు విప్పండి, సొమ్ము కట్టకండి.
మరమ్మతుకు ఇచ్చేముందు: సరుకు బయటికి తీయండి.

ఈ పుటను అచ్చు తీసి కంప్యూటరు పక్కన గోడకు అంటించుకోండి. పై పనులలో ఏదీ ఈరోజు చేయలేకపోయినా ఒక్కటి చేయండి. ఇంట్లో పెద్దలు రాసిన తెలుగు ఫైలు ఒకటి వెతికి, పెన్‌డ్రైవులోకి ఎక్కించి, మరొక ఇంట్లో ఇచ్చి రండి. నేను చెప్పిన ఆ ఊరిలో కోలాటపు పాటలన్నీ తెలిసినవారు ఇప్పుడు ఇద్దరే మిగిలారు. ఆ పెద్దాయన వారి దగ్గర కూర్చుని మళ్ళీ మొదటి పాట నుండి రాసుకుంటున్నారు.